సాయంత్రం నాలుగింటి ఆకలి

2025లో పిల్లల వేసవి సెలవులు ఏప్రిల్ 24న మొదలయ్యాయి. వారం తిరక్కుండానే మా ఫ్రిజ్ తలుపు అరంతా కూల్‌డ్రింక్ సీసాలతో నిండిపోయింది. సీసా వెనక చదివితే 100 మిల్లీలీటర్లకు చక్కెర 10 గ్రాముల పైనే. మా పెద్దోడు తాగే గ్లాసు 250 పడుతుంది. అయిదు చెంచాల చక్కెరన్నమాట. అంత చక్కెర మన చేత్తో నీళ్లలో కలుపుకుంటే ఎవరం తాగం.

మేముండేది తార్నాకలో. జాతీయ పోషకాహార సంస్థ ముందు నుంచే రోజూ ఆఫీసుకు పోతాను. అయినా వాళ్ల మాట విన్నది లేదు. 2024లో వాళ్లు ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకు మనిషికి కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు అని ఉంది. పిల్లలకు కాస్త తగ్గించి లెక్కేసినా మా అయిదుగురికి రెండు కిలోలకు అటూ ఇటూ. ఆ లెక్క వేసిన రోజు నేను వండింది ముప్పావు కిలో దొండకాయ. అందులో సగం గిన్నెలోనే మిగిలింది.

మొదటి వారం మధ్యాహ్నం వంట మీద పడ్డాను. వారం అంగడికి పోయి సొరకాయ, పొట్లకాయ, గంగవాయిలి కూర మోసుకొచ్చాను. గంగవాయిలి పప్పు బాగానే తిన్నారు, అది పుల్లగా ఉంటుంది కాబట్టి. పొట్లకాయ సంగతి అడక్కండి. ఇంత చేసినా నాలుగింటికి మళ్లీ చిప్స్ పాకెట్ చప్పుడే. అప్పుడు తెలిసింది, లోపం మధ్యాహ్నం కూరలో లేదు. నాలుగింటికి లేచినవాళ్లకు చేతికందేదేమిటి అన్నదే అసలు తంటా.

అంబలి చేద్దామనుకున్నాను. మసులుతున్న నీళ్లలో రాగిపిండి నేరుగా పోసేశాను. ఉండలు ఉండలుగా తేలింది.

"మసిలే నీళ్లల్ల పిండి పోస్తే గడ్డలు కట్టక ఏం జేస్తది బిడ్డా?" అని అత్తమ్మ గరిటె అందుకుంది. ముందు చల్లనీళ్లలో పిండిని పలచగా కలిపి, దాన్ని సన్నటి ధారగా పోస్తూ తిప్పింది. పిండి పచ్చివాసన పోయి, నిగనిగలాడేదాకా పది నిమిషాలు. చల్లారాక మట్టికుండలో పోసి రాత్రంతా ఉంచింది. పొద్దున పలచటి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. ఒకరోజు ఆ కుండను ఫ్రిజ్‌లో పెట్టడం మరిచాను. మే ఎండకు సాయంత్రానికి పులిసి, మూత తీస్తే ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. అప్పటినుంచి పదింటికల్లా మిగిలింది ఫ్రిజ్‌లోకే.

చిన్నదానికి అంబలి నచ్చలేదు. దానికి తాటిముంజలు. ఉప్పల్ రోడ్డు మీద కొట్టించుకుని తెచ్చేవాళ్లం. గోటితో గోధుమరంగు పొట్టు లాగుతుంటే ముంజ జారి నీళ్లు చొక్కా మీద చిమ్మేవి, అదో ఆట. "ముంజకు పొట్టు తీస్తరా ఎవరన్నా? అండ్లనే ఉంటది బలం" అని నానమ్మ కసురుకునేది. వగరుగా ఉంటుందని ఇది మూతి తిప్పేది. కూల్‌డ్రింక్ కొనొద్దని నేను ఎవరికీ చెప్పలేదు. సీసాలు అయిపోయాయి, మళ్లీ తేలేదు, అంతే. ఆ అరలో పుదీనా మజ్జిగ, కోసిన పుచ్చకాయ డబ్బా పెట్టాను. కోయకుండా కాయ పెడితే ఎవరూ ముట్టరు, రెండుసార్లు చూశాను.

నేను ఓడిపోయింది ఆవకాయ దగ్గర. అత్తమ్మకు బీపీ. రోజుకు ఉప్పు మొత్తం 5 గ్రాములు దాటొద్దు, అంటే ఒక చిన్న చెంచా. ఆ ఏడాది ఆవకాయలో ఉప్పు తగ్గిద్దామంటే, "తక్కువేస్తే బూజు పడతది, ఇగ నువ్వే తిను" అంది. ఆమె మాట నిజమే, పచ్చడి నిలవుండేదే ఉప్పు మీద. చివరికి జాడీని డైనింగ్ టేబుల్ మీంచి తీసి అటక మీదికెక్కించి, వారానికి సరిపడా చిన్న గిన్నెలోకి తీస్తున్నాను. ఆ గిన్నె నాలుగో రోజుకే ఖాళీ అవుతోంది. ఎవరు తింటున్నారో అడగలేదు. మా ఆయన కళ్లు మాత్రం నా వైపు చూడవు.

ఆదివారం బిర్యానీ ఆగలేదు. ఆపాలని కూడా అనుకోలేదు.

జూన్ 12న బడి తెరిచారు. అప్పటికి ముంజలు ముదిరాయి. టిఫిన్ డబ్బాతోపాటు పెద్దోడు మజ్జిగ సీసా తనే నింపుకుంటున్నాడు. అంబలి మాత్రం ఇద్దరూ అడగలేదు.