నేల మీద 16 అంగుళాల టేపు

ఇంగ్లండులోని బ్రిస్టల్లో మా స్కూలు హిస్టరీ గదిలో బల్లలన్నీ గోడవారకి జరిపి, నేల మీద మాస్కింగ్ టేపుతో గీతలు వెయ్యడం ఏటా నా పని. పొడవు 6 అడుగులు, వెడల్పు 16 అంగుళాలు. దాని పక్కనే ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. అలా పది వేసినా గది సగం కూడా నిండదు. బెల్లు కొట్టాక పిల్లలు వచ్చి చుట్టూ నిలబడతారు. ఇంకా ఎవరూ ఏమీ చెప్పకముందే ఒకరిద్దరు కిందకి చూసి తమ భుజాలు దగ్గరకి ముడుచుకుంటారు.

ఆఫ్రికా నుంచి మనుషుల్ని బానిసలుగా పట్టుకెళ్లిన బ్రూక్స్ అనే లివర్‌పూల్ ఓడలో ఒక మగమనిషికి లెక్కగట్టిన చోటు అది. 1788లో బానిస వ్యాపారం ఆపించాలని తిరిగినవాళ్లు ఆ ఓడ లోపలి పటం అచ్చు వేయించి ఊరూరా పంచారు. ఆడపిల్లకి అందులో దొరికేది నాలుగున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. అదే ఏడు వచ్చిన కొత్త చట్టం ప్రకారం ఆ ఓడలో 454 మందిని ఎక్కించవచ్చు. అంతకుముందు ఒక ప్రయాణంలో 600 మందికి పైగా ఎక్కించారు.

నేను టీచర్ని కాదు, టీచింగ్ అసిస్టెంట్‌ని. తెనాలి దగ్గర ఒక ప్రైవేటు హైస్కూల్లో ఎనిమిదేళ్లు సోషల్ చెప్పి, 2012లో మా ఆయన ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చాను. జీతం స్కూలు నడిచే వారాలకే కడతారు, దాన్నే 12 నెలలకి పరిచి ఇస్తారు. క్లాసు సొంతంగా తీసుకోవాలంటే మామూలుగా క్యూటీఎస్ అనే టీచరు అర్హత అడుగుతారు. 2023లో మన దేశంలో చదివిన టీచర్లకు నేరుగా దరఖాస్తు పెట్టుకునే దారి తెరిచారు గానీ, లెక్కలు, సైన్సు, భాషలు చెప్పేవాళ్లకే. సోషల్ వాళ్లకి లేదు. ఆ సంగతి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. కానీ ఈ పనిలో ఒక మేలు ఉంది. పాఠం తాలూకు ప్రతి కాగితమూ నా చేతుల మీదుగానే వెళ్తుంది. జిరాక్సు తీసేది నేను, కార్డులు కత్తిరించి లామినేట్ చేసేది నేను, ఇంగ్లీషు ఇంకా సరిగ్గా రాని పిల్లల పక్కన కూర్చుని వాక్యం వాక్యం చదివించేది నేను. ఎనిమిదేళ్లు సోషల్ చెప్పిన దానికన్నా ఆ కత్తిరింపుల్లోనే చరిత్ర చెప్పడం గురించి ఎక్కువ నేర్చుకున్నాను.

మొదటి ఏడాది నేనో సలహా ఇచ్చాను. ఊళ్లో ఉండగా పిల్లలతో దండి సత్యాగ్రహం ఆడించిన అలవాటు నాది. 'ఈ గీతల్లో పిల్లల్ని పది నిమిషాలు పడుకోబెడదాం, అప్పుడు తెలుస్తుంది' అన్నాను. హిస్టరీ టీచరు నాకన్నా చిన్నది, ముప్పై ఏళ్లుంటాయేమో. వెంటనే వద్దంది. పది నిమిషాలు పడుకుని లేచిన పిల్లాడు తనకి అంతా తెలిసిపోయిందనుకుంటాడు, అది నిజం కాదు. క్లాసులో నలుగురు నల్లజాతి పిల్లలుంటే మిగతా ఇరవై ఆరుగురి కళ్లూ వాళ్ల మీదే ఉంటాయి, అది న్యాయం కాదు. గీత వేస్తాం, కొలత చెప్తాం, ఎవరూ అందులో కాలు పెట్టరు. ఆమె చెప్పింది ఇంతే. నేను ఆ రోజు కొంచెం చిన్నబుచ్చుకున్నాను. ఇప్పుడు కొత్తగా చేరే అసిస్టెంట్లకి నేనే ఆ మాట చెప్తున్నాను.

మా ఫోల్డరు మొదటి పేజీలో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. కొరడా దెబ్బల బొమ్మలు గోడకి పెట్టకూడదు. తిరగబడినవాళ్ల గురించి చెప్పకుండా యూనిట్ ముగించకూడదు. వాళ్లని ఉత్త 'బానిసలు' అనకూడదు, 'బానిసలుగా చేయబడిన మనుషులు' అనాలి. తెలుగులో 'బానిస' అంటే అదే వాడి పుట్టుక అన్నట్టు వినిపిస్తుంది. ఇంట్లో మా అమ్మాయికి చెప్పేటప్పుడు నేను 'పట్టుకెళ్లి అమ్మేసిన మనుషులు' అంటాను. పట్టుకెళ్లినవాడు ఎవరు అని అది వెంటనే అడుగుతుంది. ఆ ప్రశ్న రావడమే కావాలి.

ఆ ప్రశ్నకి ఈ ఊళ్లో జవాబు వీధి వీధికీ ఉంది. 1698 నుంచి 1807 దాకా బ్రిస్టల్ నుంచి రెండు వేలకు పైగా ఓడలు ఆ వ్యాపారానికి వెళ్లాయి. ఎడ్వర్డ్ కోల్‌స్టన్ రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో పెద్ద హోదాలో ఉన్నవాడు, దానధర్మాలు చేసినవాడు. 1895లో ఆయనకి కంచు విగ్రహం పెట్టి, ఈ నగరం కన్న గొప్ప గుణవంతుల్లో ఒకడని కింద రాశారు. 2020 జూన్ 7న జనం దాన్ని తాళ్లేసి పడగొట్టి, దొర్లించుకుంటూ వెళ్లి హార్బర్లో తోసేశారు. తర్వాత తీసి ఎమ్ షెడ్ మ్యూజియంలో పెట్టారు. నిలబెట్టలేదు, పడుకోబెట్టారు. ముఖం మీద ఎర్ర రంగు అలాగే ఉంది. మేం పిల్లల్ని తీసుకెళ్తే ఒక అబ్బాయి చాలాసేపు చూసి, 'మిస్, ఇతను నిలబడి ఉన్నప్పుడు ఆ దారిలోనే రోజూ వెళ్లేవాళ్లం, ఎప్పుడూ చూళ్లేదు' అన్నాడు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే పాఠం మాత్రం విగ్రహాలది కాదు, డబ్బు లెక్కలది. 1833లో పార్లమెంటు బానిసత్వం రద్దు చేస్తూ 2 కోట్ల పౌండ్ల పరిహారం మంజూరు చేసింది. ఆ రోజుల్లో ప్రభుత్వం ఏడాదికి పెట్టే ఖర్చులో అది సుమారు 40 శాతం. పరిహారం ఇచ్చింది యజమానులకి. విడుదలైనవాళ్లకి ఒక్క పెన్నీ రాలేదు. పైగా పని నేర్చుకునేవాళ్లన్న పేరుతో 1838 దాకా ఆ యజమానుల తోటల్లోనే వాళ్లచేత చాకిరీ చేయించుకున్నారు. ఎవరెవరికి ఎంత ముట్టిందో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2013లో అందరూ చూసుకునేలా పెట్టారు. పిల్లలు కంప్యూటర్ల ముందు కూర్చుని ఈ ఊళ్లో డబ్బున్నవాళ్ల పేట క్లిఫ్టన్‌లో తమకి తెలిసిన వీధుల పేర్లు కొట్టి వెతుకుతారు. ఆ అరగంట గదిలో ఎవరికీ 'నిశ్శబ్దం' అని చెప్పక్కర్లేదు.

ఆ పరిహారం కోసం చేసిన అప్పు పూర్తిగా తీరింది 2015లో. మొదటిసారి ఆ వర్క్‌షీటు జిరాక్సు తీస్తూ అక్కడే ఆగిపోయాను. 2012 నుంచి 2015 దాకా మా ఆయన జీతంలో కోసిన పన్నులోంచి కూడా ఆ అప్పుకి కొంత వెళ్లింది. ఇంటికి వెళ్లి పాత పేస్లిప్పులు తీసి చూశాను. ఆయన వంటింట్లోకి వచ్చి ఏమైందని అడిగితే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

నిరుడు సరుకుల కార్డుల రోజున ఇంకో సంగతి జరిగింది. బ్రిస్టల్ నుంచి ఆఫ్రికా తీరానికి వెళ్లే ఓడలో ఏం ఉండేవో కార్డుల్లో ఉంటాయి: ఇత్తడి కడియాలు, రాగి, తుపాకులు, మందుగుండు, పూసలు, నూలు గుడ్డలు. ఏది ఎక్కడిదో పటం మీద పెట్టాలి. సోమాలీ కుటుంబం నుంచి వచ్చిన ఒక అబ్బాయి నా పక్కన కూర్చుంటాడు. నూలు గుడ్డల కార్డు తిప్పి 'ఇండియా' అని చదివి, నా వైపు చూసి, 'మిస్, మీ ఊరా?' అన్నాడు.

నిజానికి అది మా తీరమే. మచిలీపట్నం అద్దకాలు, నీలిమందులో ముంచిన గుడ్డలు, కోరమాండల్ రేవుల నుంచి ఇంగ్లండుకి వచ్చి, ఇక్కడి నుంచి పశ్చిమ ఆఫ్రికాకి వెళ్లాయి. మనుషుల్ని కొనడానికి అక్కడ ఇచ్చిన సరుకుల్లో మన దేశపు నూలు గుడ్డలది పెద్ద వాటా. మా అమ్మమ్మ వాళ్లది నరసాపురం. దాని పక్కన మాధవాయిపాలెంలో ఈస్టిండియా కంపెనీ వాళ్లకి గుడ్డల కొనుగోలు స్థావరం ఉండేది, ఆ ఊరి పేరే ఇంగ్లీషులో ఒక రకం గుడ్డకి మడపోలం అని స్థిరపడింది. చిన్నప్పుడు సెలవులకి అక్కడికి వెళ్లి రేవులో ఆడుకున్నాను. ఆ అబ్బాయికి పటం మీద ఆ చోటు చూపించి, 'మా ఊరి వైపు నుంచే' అన్నాను. 'నేసినవాళ్లకి తెలుసా, దాంతో ఏం కొంటున్నారో?' అన్నాడు. మగ్గం ముందు కూర్చున్నవాడికి దళారి ఇచ్చే బయానా తెలుసు, గుడ్డ ఎక్కడికి పోతుందో తెలియదు, అన్నాను. వాడు కార్డు చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

అంతవరకూ బాగానే ఉంది. వెనక వరసలోంచి ఒక అమ్మాయి అడిగింది: 'మీ దేశంలో మీవాళ్లు చేసిన తప్పులు స్కూల్లో చెప్తారా మిస్?'

కంపెనీ దొరలు మనకేం చేశారో, కోరంగి రేవులో ఓడెక్కించి మన కూలీల్ని మారిషస్‌కి ఎలా తీసుకెళ్లారో అడిగితే గంట చెప్పేదాన్ని. ఆ అమ్మాయి అడిగింది అది కాదు. నేను పనిచేసిన బడి నుంచి చుండూరు అరగంట బస్సు ప్రయాణం. 1991 ఆగస్టు 6న ఆ ఊళ్లో ఎనిమిది మంది దళితుల్ని అగ్రకులాలవాళ్లు చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. విచారణకి ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం పడింది. 2014లో హైకోర్టు దాన్ని కొట్టేసి అందర్నీ విడిచిపెట్టింది. ఆ మీదట బాధితుల తరఫువాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు. ఎనిమిదేళ్లలో నా క్లాసులో ఆ ఊరి పేరు ఒక్కసారి కూడా పలకలేదు. అంటరానితనం నేరమని బోర్డు మీద రాసి, 'రెండు మార్కుల ప్రశ్న, కింద గీత గీయండి' అన్నాను. నా ముందు బెంచీల్లో ఆ చుట్టుపక్కల ఊళ్ల పిల్లలే ఉన్నారు, రెండు వైపులవాళ్లూ.

'చెప్పలేదు. నేను చెప్పలేదు' అన్నాను ఆ అమ్మాయితో. అది తల ఊపి రాసుకుంది.

ఆ శనివారం కూర్చుని ఒక పేజీ తయారు చేశాను. మా ఫోల్డరులో కాగితాలు ఎలా ఉంటాయో అచ్చం అలాగే. తేదీ, ఊరు, చనిపోయినవాళ్ల సంఖ్య, కోర్టులు ఏ ఏడు ఏమన్నాయి. గొడ్డళ్ల వర్ణన లేదు, కులాన్ని తిట్టే మాట లేదు. కింద రెండే ప్రశ్నలు: కోర్టుని ఊళ్లోనే ఎందుకు పెట్టాల్సి వచ్చింది? రెండు తీర్పుల మధ్య ఆ కుటుంబాలు ఎన్నేళ్లు ఎదురుచూశాయి?

తెనాలిలో నాతో పనిచేసిన తెలుగు మాస్టారు ఇంకా బళ్లోనే ఉన్నారు. ఫోన్ చేసి అంతా చెప్పాను, టేపు సంగతి దగ్గర్నుంచి.

'నువ్వు అక్కడుండి చెప్పడం తేలికమ్మా. ఇక్కడ ఒకే బెంచీ మీద రెండు వైపుల పిల్లలూ కూర్చుంటారు. సాయంత్రానికి తల్లిదండ్రులు గేటు దగ్గరికి వస్తారు' అన్నారు.

'ఇక్కడా అలాగే కూర్చుంటారు మాస్టారూ. క్లిఫ్టన్ పిల్లలూ, జమైకా నుంచి వచ్చినవాళ్ల మనవలూ ఒకే బల్ల దగ్గర. అందుకే ఎవరినీ గీతలో పడుకోబెట్టం. నీ తాత అన్న మాట రాదు. కాగితం ముందు పెడతాం, అంతే.'

అవతల ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. కాసేపటికి, 'వెడల్పు ఎన్ని అంగుళాలన్నావు?' అని అడిగారు.

'16.'

'మా గదిలో బెంచీ వెడల్పు కూడా అంతుండదేమో' అన్నారు. తర్వాత, 'ముందు ఆ ఓడ కాగితం పంపమ్మా. రెండోదాని సంగతి తర్వాత చూద్దాం' అన్నారు.

నేను రెండూ పంపాను.