నాలుగు రోడ్ల సెంటర్‌లో రైట్ టర్న్ ఖరీదెంత?

తెలంగాణలో చౌరస్తా అంటారు, కోస్తాలో సెంటర్ అంటారు, సీమలో సర్కిల్ అంటారు. పేరేదైనా అక్కడ బండ్లు ఆగిపోతే ముందుగా వినపడే మాట ఒకటే: రోడ్డు వెడల్పు చేయాలి. షాపుల గోడల మీద ఎర్ర గీతలు పడతాయి, పరిహారం గొడవలు ఏళ్ల తరబడి నడుస్తాయి, ఆఖరికి అటో మూడు మీటర్లు, ఇటో మూడు మీటర్లు దక్కుతాయి. మర్నాటి నుంచి ఆ మూడు మీటర్లలో షేర్ ఆటోలు ఆగుతాయి.

చాలా కూడళ్లను తినేస్తున్నది ఇరుకు కాదు, రైట్ టర్న్. ఎడమ పక్కన నడిచే మన దేశంలో కుడికి తిరిగే బండి ఎదురొచ్చే వరసను కోసుకుంటూ పోవాలి. అందుకని దానికి సిగ్నల్‌లో విడిగా టైమ్ ఇస్తాం. ఆ టైమ్ మిగతా వాళ్ల గ్రీన్‌లోంచే రావాలి. ఎంత వస్తుందో లెక్క వేస్తే గానీ తెలియదు కాబట్టి, వేద్దాం.

ముందు బండ్లను లెక్కపెట్టాలి. సగం డిజైన్లు తప్పేది ఇక్కడే. స్టాప్ లైన్ దగ్గర కెమెరా పెట్టి లెక్కిస్తే సిగ్నల్ ఎన్నిటిని వదిలిందో తెలుస్తుంది, ఎన్ని వచ్చాయో తెలియదు. గంటకు 1,500 బండ్లు దాటాయని రిపోర్టులో రాస్తారు, వెనక అర కిలోమీటరు క్యూ నిలబడి ఉంటుంది. అందుకే ప్రతి రెడ్ పడే క్షణంలో ఎన్ని బండ్లు మిగిలిపోయాయో కూడా రాసుకోవాలి. దాటినవాటికి క్యూలో పెరిగినవి కలిపితేనే అసలు రద్దీ. నాలుగు వైపులా లెఫ్ట్, స్ట్రెయిట్, రైట్, యూటర్న్ విడివిడిగా, అంటే 16 కదలికలు, పావుగంటకో లెక్క చొప్పున తీయాలి. వారం మధ్య రోజులు మంచివి. పెళ్లిముహూర్తాల రోజులు, సంక్రాంతి వారం, ఇంటర్ పరీక్షల రోజులు వదిలేయాలి. దగ్గర్లో వారపు సంత ఉంటే మాత్రం ఆ రోజు లెక్క విడిగా ఉండాల్సిందే.

తర్వాత బండ్లను పీసీయూల్లోకి మార్చాలి. కారును ఒకటిగా పెట్టుకుని మిగతా బండ్లు దానికెంత అని చూసే కొలత ఇది. ఒక ఊహా కూడలి తీసుకుందాం. ఉత్తరం వైపు నుంచి రద్దీ గంటలో 900 బైకులు, 260 ఆటోలు, 240 కార్లు, 40 చిన్న ట్రక్కులు, 50 బస్సులూ లారీలూ వస్తున్నాయి. నగర రోడ్ల సామర్థ్యానికి ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 1990లో ఇచ్చిన 106వ నంబరు మార్గదర్శకాల ప్రకారం, బండ్ల వాటాలు ఇలా ఉన్నప్పుడు బైకు 0.75, ఆటో 2, చిన్న ట్రక్కు 1.4, బస్సు 2.2. మొత్తం 1,601 పీసీయూ అవుతుంది. అదే సిగ్నల్ దగ్గర బైకును 0.4, ఆటోను 0.5, చిన్న ట్రక్కును 1.1, బస్సును 1.6గా తీసుకుంటే 854 మాత్రమే. అవే బండ్లు, దాదాపు రెట్టింపు తేడా! కారణం సులువే. నడుస్తున్న రోడ్డు మీద ఆటో తన చుట్టూ ఖాళీ కోరుతుంది, స్టాప్ లైన్ దగ్గర బైకులు కార్ల సందుల్లో దూరి గ్రీన్ పడగానే గుంపుగా వెళ్లిపోతాయి. మొదటి పట్టికలో బండ్లను లెక్కించి, రెండో పద్ధతిలో రోడ్డు సామర్థ్యాన్ని పెట్టి, ఇక్కడ ఫ్లైఓవర్ తప్ప దిక్కులేదు అని తేల్చే నివేదికలు వస్తుంటాయి. ఎవరైనా ఫ్లైఓవర్ అనగానే మొదట అడగాల్సిన ప్రశ్న ఏ పీసీయూ వాడారని.

సామర్థ్యాన్ని పుస్తకంలోంచి తీయడం కంటే అక్కడే కొలవడం మేలు. గ్రీన్ పడ్డాక మొదటి నాలుగైదు సెకన్లు వదిలేయండి. క్యూ నిండుగా కదులుతున్నంతసేపు దాటినవాటిని లెక్కించి గంటకు మార్చండి. కనీసం 20 సైకిళ్లయినా (నాలుగు వైపులకూ గ్రీన్ వచ్చి సిగ్నల్ ఒక చుట్టు పూర్తయితే ఒక సైకిల్) చూడాలి. మన కూడలిలో ప్రతి వైపూ 7 మీటర్ల దారికి గంటకు 4,000 పీసీయూ వచ్చిందనుకుందాం. 854ను 4,000తో భాగిస్తే 0.21, అంటే గంటలో అన్నో వంతు గ్రీన్ ఉత్తరానికే కావాలి. దక్షిణం 0.22, తూర్పు 0.19, పడమర 0.18 అనుకుంటే మొత్తం 0.80.

ఇప్పుడు మామూలుగా మన ఊళ్లలో నడిచే పద్ధతి చూద్దాం. ఒక్కో వైపుకు ఒక్కోసారి గ్రీన్, నాలుగు ఫేజులు. ప్రతి మార్పిడిలో కదలడానికీ ఆగడానికీ 4 సెకన్లు పోతాయి, మొత్తం 16. బ్రిటన్‌లో వెబ్‌స్టర్ అనే ట్రాఫిక్ పరిశోధకుడు 1958లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ చాలు: వృథా అయ్యే సెకన్లను ఒకటిన్నరతో హెచ్చవేసి 5 కలపండి, ఒకటిలోంచి 0.80 తీసేయగా మిగిలినదానితో భాగించండి. 29ని 0.20తో భాగిస్తే 145 సెకన్ల సైకిల్. ఉత్తరం నుంచి వచ్చినవాడికి అందులో 34 సెకన్లు దక్కుతాయి, 110 సెకన్లు పైగా ఎండలో నిలబడాలి. బండ్లు ఏడాదికి 5 శాతం పెరిగాయా, మూడో ఏటికి మొత్తం 0.926 అవుతుంది, సూత్రం 390 సెకన్లు అడుగుతుంది. ఆరున్నర నిమిషాల సైకిల్ ఎవరూ పెట్టరు. ఐదో ఏటికి ఒకటి దాటేస్తుంది. అప్పుడు ఏ టైమింగ్ పెట్టినా క్యూ పెరుగుతూనే ఉంటుంది. కంప్యూటర్‌తో నడిచే అడాప్టివ్ సిగ్నల్ తెచ్చినా అంతే, లేని గ్రీన్‌ను అది సృష్టించలేదు.

ఇప్పుడు రైట్ టర్న్ తీసేద్దాం. కుడికి వెళ్లాల్సినవాళ్లు నేరుగా కూడలి దాటి, ముందున్న యూటర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి లెఫ్ట్ తిరుగుతారు. ఉత్తర దక్షిణాలు ఒకేసారి కదులుతాయి, ఆ తర్వాత తూర్పు పడమరలు. రెండే ఫేజులు, వృథా 8 సెకన్లు. అయిదింట ఒక బండి కుడికి పోయేదనుకుంటే, అది ఎదుటి వైపు నుంచి ఇంకోసారి సిగ్నల్‌కు వస్తుంది కాబట్టి ఆ భారమూ కలపాలి. జంటగా కదిలే రెండు వైపుల్లో ఎక్కువున్నదే లెక్క: దక్షిణానిది 0.26, తూర్పుది 0.23, కలిపితే 0.49. సైకిల్ 33 సెకన్లకు దిగుతుంది. ఫ్రీ లెఫ్ట్ లేదనుకునే వేసిన లెక్క ఇది.

కానీ 33 సెకన్లు పెట్టకూడదు. మనుషులు దాటాలి. 7, 7 మీటర్ల దారులు, నడుమ 1.2 మీటర్ల మీడియన్, మొత్తం 15.2 మీటర్లు. సెకనుకు 1.2 మీటర్ల నడకకు 13 సెకన్లు, అడుగు వేసే ముందు 7 సెకన్లు, వెరసి 20. రెండు ఫేజులకూ మార్పిడి కలిపితే 48. కాబట్టి 60 సెకన్ల సైకిల్ పెట్టుకుందాం. పదేళ్ల తర్వాత రద్దీ 1.63 రెట్లయినప్పుడు మొత్తం 0.80, సైకిల్ 85 సెకన్లు. పదిహేనో ఏటికి ఇదీ ఒకటి దాటుతుంది. నాలుగు ఫేజుల కూడలికి మూడు నాలుగేళ్లు, దీనికి పన్నెండు పదమూడేళ్లు. ఒక్క గోడా కొట్టకుండా!

యూటర్న్ ఎక్కడ పెట్టాలన్నదే ఇందులో అసలు కష్టం. దగ్గర పెడితే సిగ్నల్ క్యూ దాని నోటిని మూసేస్తుంది. పదేళ్ల తర్వాతి రద్దీకి, 45 సెకన్ల రెడ్‌లో సుమారు 21 పీసీయూ చేరతాయి. రెండు వరసల్లో 6 మీటర్లకొకటి చొప్పున 66 మీటర్లు. రద్దీ ఒక్కసారి ఎగిరిపడ్డప్పటికి దాన్ని రెట్టింపు చేయండి. యూటర్న్ తీసుకున్న బండి మీడియన్ పక్క నుంచి ఎడమ అంచుకు జరగడానికి ఇంకో 50, 60 మీటర్లు. అలా 150 నుంచి 200 మీటర్ల దగ్గర తేలుతుంది. ఈ పద్ధతికి పేరు తెచ్చిన అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలోనూ 660 అడుగులు, అంటే సుమారు 200 మీటర్లే వాడుక. అక్కడ లేని జబ్బు మనకొకటి ఉంది. యూటర్న్ అర కిలోమీటరు దూరమైతే బైకులు రాంగ్ రూట్‌లో వచ్చేస్తాయి. పోలీసును నిలబెట్టినంతసేపే ఆగుతాయి. హైదరాబాద్‌లో సిగ్నళ్లు మూసి యూటర్న్‌లు పెట్టిన చాలాచోట్ల ఫిర్యాదు ఆ దూరం మీదే.

బస్సు సంగతి వేరు. కారు 11 మీటర్ల వెడల్పులో తిరుగుతుంది. మన దగ్గర లోపలి వరస 3.5, మీడియన్ 1.2, అవతలి దారి 7 కలిపితే 11.7 మీటర్లు, కారుకు సరిగ్గా సరిపోతుంది. 12 మీటర్ల ఆర్టీసీ బస్సుకు 24 మీటర్ల దాకా కావాలి. అవతలి అంచును ఉబ్బించి జాగా ఇవ్వండి. లేదా బస్సుల రూటు మార్చి పక్క వీధుల్లోంచి మూడు లెఫ్ట్‌లు తిప్పండి. రెండూ చేయకుండా యూటర్న్ తెరిస్తే మొదటి బస్సు మధ్యలో నిలిచి వెనక్కి తీసుకుంటుంది, రెండు వైపులా ఆగిపోతాయి.

సర్కిల్ మధ్యలో విగ్రహం కట్టి దాన్ని రోటరీ అనుకోవడం మనకు అలవాటు. అయిదు మీటర్ల దిమ్మె చుట్టూ బండ్లు ఒకదాంట్లో ఒకటి కలవడానికి జాగా ఉండదు. నిజమైన రోటరీకే గంటకు 3,000 బండ్లు పరిమితి అని ఐఆర్‌సీ పాత మార్గదర్శకమే చెప్పింది. మన ఊహా కూడలిలో ఒక్క ఉత్తరం వైపే 1,490 బండ్లు వస్తున్నాయి. రోడ్ల మీద కొత్త విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరిలో చెప్పింది, ఉన్నవాటి జోలికి మాత్రం ఎవరూ పోరు.

మూలల దగ్గర పని చిన్నదే, ఫలితం పెద్దది. బస్‌స్టాప్ కూడలికి ముందు ఉంటే ఆగిన బస్సు ఒక వరసను మింగేస్తుంది, 7 మీటర్లలో సగం పోయినట్టే. కూడలి దాటాక కనీసం 75 మీటర్లకు జరపాలి, ఆటోలకు దాని వెనక గూడు ఇవ్వాలి. బోర్డు ఒక్కటీ సరిపోదు, అంచును లోపలికి కోసి ఇవ్వాలి. మొదటి వానకు నీళ్లు నిలిచే పల్లాన్ని సరిచేయకుండా జీబ్రా వేస్తే జనం చుట్టూ తిరిగి రోడ్డు మధ్యలో నడుస్తారు.

తర్వాతి రోజుల కోసం ఇప్పుడే చేయాల్సింది ఒకటుంది: రోడ్డు వేసేటప్పుడే నాలుగు వైపులా 110 మిల్లీమీటర్ల పైపులు రెండేసి అడ్డంగా పూడ్చి, మూలల్లో ఛాంబర్లు కట్టడం. కెమెరాలు, సెన్సార్లు ఏ ఏడు వచ్చినా తారు కొత్తగా తవ్వక్కర్లేదు.

ఇక ఫ్లైఓవర్. కింద 5.5 మీటర్ల ఖాళీ, పైన స్లాబు మందం 2 మీటర్లు, మొత్తం ఏడున్నర ఎత్తు. 30కి 1 వాలుతో ఎక్కితే ఒక్కో పక్క 225 మీటర్లు, వంపులు కలిస్తే ఇంకా ఎక్కువ. అది దిగేది తర్వాతి కూడలి క్యూలోకే అయితే ఖర్చంతా క్యూ చోటు మార్చడానికే. నేరుగా పోయే బండ్లు సగానికి తక్కువున్న చోట అసలు ఆలోచించొద్దు. వంపు ఇరుకైతే వేగం మాటేమిటో కూడా చూడాలి: హైదరాబాద్ బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ 2019 నవంబర్‌లో తెరిచిన కొద్ది రోజులకే ఒక కారు పైనుంచి కింది రోడ్డు మీద పడి, అక్కడున్న ఒక మహిళ చనిపోయింది. మూసేసి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో మళ్లీ తెరిచారు.

యూటర్న్‌కు కాంక్రీట్ పోసే ముందు నీళ్లు నింపిన ప్లాస్టిక్ బారికేడ్లతో నెల రోజులు నడిపించి చూడండి. మొదటి వారం తిట్లు తప్పవు, ఆ వారం లెక్కలు పట్టించుకోవద్దు. నాలుగో వారంలో మీడియన్ వెంబడి కాలినడకన పోతే ఎక్కడో ఒకచోట బారికేడ్ జరిగి, బైకు పట్టేంత సందు కనిపిస్తుంది. దాన్ని పూడ్చేముందు ఎదురుగా ఏముందో చూడండి. బడో, కూరగాయల మార్కెట్టో అయితే అక్కడ పాదచారుల దారి ఇవ్వాలి. పెట్రోల్ బంకు అయితే యూటర్న్‌నే ఆ దిక్కుకు 30, 40 మీటర్లు జరిపి, 150 మీటర్ల లెక్క ఇంకా నిలుస్తుందో లేదో మళ్లీ వేసుకుని, అప్పుడు కాంక్రీట్ పోయించండి.