తలుపేసున్న ఇల్లు

హైదరాబాదులో విమానం మారాక మా అమ్మాయి నిద్రపోయింది. దాని ఒళ్ళోంచి నోట్‌బుక్ జారిపోతుంటే పట్టుకున్నాను. తెరిచి ఉన్న పేజీలో ఎనిమిది గళ్ళు, గడికో బొమ్మ: తను తీయబోయే సినిమాలో షాట్ల వరస చూపించే స్టోరీబోర్డు. ఐదో గడిలో ఒక పెంకుటిల్లు, గుమ్మంలో నిలబడ్డ ముసలావిడ. ముక్కుకి రెండు పక్కలా పుడకలు కూడా వేసింది. పాత ఇల్లు, భయపెట్టే ముసలావిడ అని కింద ఇంగ్లీషులో రాసుకుంది. ఆ ఇల్లు మాది. ఆ ముసలావిడ మా అమ్మ.

నోట్‌బుక్ మూసి దాని బ్యాగులో పెట్టేశాను. వైజాగులో దిగేదాకా కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను గానీ ఏం చూశానో గుర్తులేదు.

దానికి 16 ఏళ్ళు. దుబాయ్‌లో కేంబ్రిడ్జ్ సిలబస్ చదువుతోంది. లెక్కలు, ఫిజిక్సుతో పాటు మీడియా స్టడీస్ తీసుకుంటానన్నప్పుడు మా ఇంట్లో వారం రోజులు గొడవ జరిగింది, అది వేరే కథ. ఆ సబ్జెక్టులో ఒక సినిమా మొదలు మాత్రం తీయాలి. టైటిల్సుతో కలిపి 2 నిమిషాలు దాటకూడదు. కథ తేల్చక్కర్లేదు, కానీ చూసినవాళ్ళకి తర్వాతేమిటని అనిపించాలి. తీసిందంతా సొంతమై ఉండాలి. సంగీతమో చప్పుళ్ళో బయటివి వాడితే కాపీరైటు లేనివే వాడాలి. అంతా అయ్యాక తను తీసినదాన్ని తనే తూకం వేసుకోవాలి: ఆ రకం సినిమాల పద్ధతులు ఎక్కడ పాటించావు, ఎక్కడ కాదన్నావు, మనుషుల్ని ఎలా చూపించావు, ఎవరు చూస్తారు, వాళ్ళదాకా ఎలా చేరుతుంది, ఏ పరికరాలు వాడావు, ఏం నేర్చుకున్నావు.

మా అమ్మాయి థ్రిల్లర్ ఎంచుకుంది. క్లాసులో సగం మందిదీ అదే. దాదాపు అందరూ బిల్డింగు కింద పార్కింగులో, తలమీదికి టోపీ లాక్కున్న నల్ల హుడీతో తీస్తున్నారట. ఆ హుడీ కూడా ఒకటేనట, చేతులు మారుతోందట. తనకి వేరేగా కావాలి. "మన ఊళ్ళో ఇల్లు క్రీపీగా ఉంటుంది కదా నాన్నా, డిసెంబర్ సెలవుల్లో అక్కడ తీస్తా" అంది. ఆ మాటకి నేనూ నవ్వాను. బొమ్మ చూశాకే నవ్వు రాలేదు.

మా ఊరు శ్రీకాకుళం జిల్లాలో, శ్రీకూర్మం దాటాక. ఇల్లు మా తాత కట్టించింది. వీధి అరుగు, నడవ, రెండు గదులు, వెనక పెరడు, నుయ్యి. ఇప్పుడు మోటారు ఉంది కాబట్టి నుయ్యి వాడటం లేదు, గిలక తుప్పుపట్టి వేలాడుతోంది. అమ్మ ఒక్కతే ఉంటుంది. పక్కనే తమ్ముడి ఇల్లు.

మొదటిరోజు సాయంత్రం నడవలో ఒక షాట్ తీస్తే ఫోన్‌లో నల్లటి చారలు పైకీ కిందకీ పాకాయి. మా తమ్ముడి కూతురు దెయ్యం అంది. దెయ్యం కాదు, ట్యూబులైటు. మన కరెంటు 50 హెర్ట్జ్. ఆ దీపం సెకనుకి 100 సార్లు మిణుకుమంటుంది, ఫోనేమో 30 ఫ్రేములు తీస్తుంది. రెండిటికీ లెక్క కుదరదు. 25 ఫ్రేములకి మార్చి, షటర్ 50వ వంతు సెకనులో పెట్టగానే చారలు పోయాయి. ఇది నాకు మా అమ్మాయే చెప్పింది. ఇన్నేళ్ళు ఇంజనీరుగా బతుకుతున్నాను, ట్యూబులైటు గురించి ఇంట్లో ఇంకొకరు చెప్తే వినాల్సి వచ్చింది.

అసలు చిక్కు తలుపు దగ్గర వచ్చింది.

సినిమాకి ముందు వీళ్ళ చేత ఒక చిన్న కసరత్తు చేయిస్తారు. ఒక మనిషి తలుపు తీసుకుని గదిలోకి రావాలి, నడిచి వెళ్ళి ఇంకొకరి ఎదురుగా కుర్చీలో కూర్చోవాలి, రెండు మాటలు మాట్లాడుకోవాలి. అంతే. బయట నుంచి చెయ్యి గడియ మీద పడ్డ షాటూ, లోపల నుంచి తలుపు తెరుచుకునే షాటూ ఒకే కదలికలా అతకాలి. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరి మధ్య ఒక గీత ఉందనుకుని, కెమెరా ఆ గీతకి ఒక పక్కనే ఉండాలి. దాటిందా, ఇద్దరూ ఒకే దిక్కుకి చూస్తున్నట్టు కనిపిస్తారు. దుబాయ్ ఫ్లాటులో మా ఆవిడా నేనూ కూర్చుంటే అరగంటలో తీసేసింది.

ఊళ్ళో అదే పని మా అమ్మతో తీద్దామని చూసింది. అమ్మ ఎదురుగా కూర్చోదు. అరుగు మీద స్తంభానికి ఆనుకుని వీధివైపు తిరిగి కూర్చుంటుంది. పక్కన కూర్చున్నవాళ్ళతో వీధిని చూస్తూనే మాట్లాడుతుంది, మధ్యలో వీధిన పోయేవాళ్ళతోనూ మాట్లాడుతుంది. గీత ఎక్కడ గీయాలి? పైగా తెరవడానికి తలుపేది? మా వీధి తలుపు పొద్దున్న 5కి తీస్తే రాత్రి పడుకోబోయేటప్పుడే మూసేది.

"నాయనమ్మా, ఒక్క ఐదు నిమిషాలు డోర్ వేసి ఉంచుదామా?" అని అడిగింది మా అమ్మాయి.

"పగలు తలుపెందుకేస్తామే?" అంది అమ్మ. వేసింది మాత్రం, మనవరాలు అడిగింది కదా.

కెమెరా పెట్టి, మా తమ్ముడి కూతుర్ని వీధి చివర్నించి నడిపిస్తున్నాం. రెండో టేకు పూర్తవకుండానే ఎదురింటావిడ చేతిలో చాటతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏటొదినా, పట్టపగలు తలుపేసీసినావు? ఒంట్లో బాగోనేదేటి?"

"నాకేటి, బాగానే ఉన్నాను. గుంట సినిమా తీస్తంది."

ఆవిడ వెళ్ళేలోగా ఇంకో ఇద్దరు వచ్చారు. మూడో మనిషి ఏకంగా నా ఫోన్‌కి చేశాడు. మా అమ్మాయికి చిరాకొచ్చింది, షాట్ పాడైంది కదా. కాసేపటికి చిరాకు పోయి కొత్తగా చూడటం మొదలెట్టింది. "తలుపు వేస్తే చాలు, వీళ్ళంతా ఇంత టెన్షన్ పడ్డారేంటి నాన్నా?"

అప్పుడు చెప్పాను, ఎప్పుడూ చెప్పని సంగతి. నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒకసారి ఆడుకుని పొద్దుగూకాక ఇంటికొచ్చాను. వీధిలో అన్ని ఇళ్ళూ తెరిచే ఉన్నాయి, మా ఇంటికి మాత్రం బయట గొళ్ళెం పెట్టి ఉంది. తలుపు సందులోంచి చూస్తే లోపల లాంతరు వెలుగుతోంది. ఇంట్లో దీపం, బయట గొళ్ళెం. పిలవడానికి నోరు పెగల్లేదు. జరిగిందేమిటంటే నాన్నకి ఉన్నట్టుండి కడుపునొప్పి వస్తే బండి కట్టించి శ్రీకాకుళం తీసుకెళ్ళారు, ఆ హడావుడిలో లాంతరు ఆర్పడం మర్చిపోయారు. నాలుగు రోజుల్లో నాన్న తిరిగొచ్చాడు కూడా. కానీ ఆ గొళ్ళెం ముందు నిలబడ్డ రెండు నిమిషాలు ఇప్పటికీ కలలోకొస్తాయి.

మా అమ్మాయి ఏం మాట్లాడలేదు. లోపలికెళ్ళి నోట్‌బుక్ తెచ్చి ఎనిమిది గళ్ళూ కొట్టేసి కొత్త పేజీ తీసింది.

మొదటి షాట్, వయసు మళ్ళిన ఒక చెయ్యి బయట నుంచి గొళ్ళెం పెడుతుంది. తర్వాత సందె వేళ వీధి. బడిసంచీతో ఒక పిల్ల నడిచొస్తుంటుంది, పక్కన ఇళ్ళ తలుపులన్నీ బార్లా తెరిచి ఉంటాయి. తన ఇంటికి గొళ్ళెం. గడప కింద సన్నటి వెలుగు. పెరట్లోంచి గిలక చప్పుడు. పిల్ల సందులోంచి వెనక్కి వెళ్ళేసరికి చప్పుడు ఆగిపోతుంది, తాడు మాత్రం ఊగుతుంటుంది, చేద నిండా నీళ్ళు. మళ్ళీ ముందుకొస్తే గొళ్ళెం తీసి ఉంది, ఇంకా కదులుతోంది. అక్కడ టైటిల్.

డిసెంబరులో మావైపు ఐదున్నర కాకుండానే పొద్దుగూకుతుంది. వాళ్ళకి కావలసిన వెలుగు రోజుకి ఇరవై నిమిషాలే దొరికేది. అందుకని ఐదు సాయంత్రాలు పట్టింది. ఒక సాయంత్రం పక్కింటి దూడ కట్టు తెంపుకుని ఫ్రేములోకొచ్చి కదలనంది. ఇంకో సాయంత్రం నేనే పాడుచేశాను. అటు తిప్పితే కొబ్బరిచెట్లు పడతాయి, రేపు కళింగపట్నం వెళ్తే లైట్‌హౌసు, వంశధార సముద్రంలో కలిసేచోటూ తీయొచ్చు అంటూ సలహాలు ఇచ్చాను. "ఇది టూరిజం వీడియో కాదు నాన్నా" అంది. మనసు చివుక్కుమంది. ఊరు అందంగా కనబడాలనే నా ఆత్రం ఆ వీడియో కోసం కాదని దానికి తెలిసిపోయినట్టుంది.

ఇద్దరం గట్టిగా వాదించుకున్నది మాత్రం యాస గురించి. సినిమా మొత్తానికి మాట ఒక్కటే, ఎదురింటి గుమ్మంలోంచి ఒకావిడ అడుగుతుంది: "మీ నాయినమ్మ ఏటైపోనాదే?" ఆ మాట అన్నది చాటతో పరిగెత్తుకొచ్చిన ఆవిడే. నేను 'మీ నాయనమ్మ ఎక్కడికి వెళ్ళింది' అని చెప్పిద్దామన్నాను. ఎలాగూ కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్ వేస్తారు, పోయేదేముంది అన్నాను. నాకు తెలుసు ఎందుకన్నానో. వైజాగులో ఇంటర్ చదివేటప్పుడు నేను 'ఏటి' అన్న ప్రతిసారీ హాస్టల్లో నవ్వేవాళ్ళు. మూడు నెలల్లో 'ఏమిటి' నేర్చుకున్నాను. మన సినిమాల్లో మా యాస ఎక్కువగా పనివాళ్ళ నోట, నవ్వించేవాళ్ళ నోటే వినిపించింది. ఈ మాట వింటే జనం నవ్వుతారనే నా భయం.

మా అమ్మాయికి ఆ బరువేమీ లేదు. దానికి 'ఏటి' అంటే నాయనమ్మ. "వెళ్ళింది అంటే ఏదో ఊరెళ్ళినట్టుంది. ఏటైపోనాదే అంటే మాయమైపోయినట్టుంది. ఇదే కరెక్ట్" అంది. నిజమే, ఆ మాటలో రెండర్థాలూ ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా నేను వినలేదు.

ఎడిటింగ్ అక్కడే చేసి, బయల్దేరే ముందురోజు తమ్ముడింట్లో టీవీకి తగిలించి చూపించింది. అప్పటికి అందులో నెట్‌లో దొరికిన ఉచిత సంగీతం ఉంది, వయొలిన్లు కీచుమంటూ. ఎదురింటావిడ చెవులు మూసుకుని "ఆ పీపీ ఆపితే గిలక వినపడతాది" అంది. నాకు చిన్నప్పుడు విన్న, జముకు అనే వాద్యం వాయిస్తూ చెప్పే జముకుల కథ గుర్తొచ్చింది. కథలో చావు దగ్గరికొచ్చేసరికి జముకు చప్పున ఆగిపోయేది. వాయించినంతసేపూ రాని భయం అప్పుడు వచ్చేది. మా అమ్మాయి వయొలిన్లు తీసేసింది. తుప్పుగిలక ఒక్కటే మిగిలింది. రెండోసారి వేస్తే గొళ్ళెం కనబడగానే గదిలో ఎవరూ కిక్కురుమనలేదు.

దుబాయ్ వెళ్ళాక క్లాసులో చూపించింది. అక్కడ ఎవరూ బెదరలేదు. "ఇంటికి తాళం వేసి ఉంటే ఏమైంది, బయటికెళ్ళారేమో" అన్నారట. ఒక్క మలయాళీ పిల్లకి మాత్రం అర్థమైంది, దానికీ ఊళ్ళో అమ్మమ్మ ఉంది. ఆరోజు మా అమ్మాయి ఇంటికొచ్చి తన గది తలుపు వేసుకుంది. మా ఫ్లాటులో తలుపులన్నీ వేసే ఉంటాయి, ఏసీ చల్లదనం పోకూడదు కదా. పక్క ఫ్లాటులో ఎవరున్నారో నాలుగేళ్ళయినా నాకు తెలియదు.

టీచరు ఒక దారి చూపించాడు. సస్పెన్సు గురించి సినిమా దర్శకుడు హిచ్‌కాక్ చెప్పిన ఉదాహరణ గుర్తుచేశాడట. ఇద్దరు కబుర్లు చెప్పుకుంటుంటే బల్ల కింద బాంబు పేలిందనుకోండి, ప్రేక్షకుడికి 15 సెకన్ల ఉలికిపాటు. బాంబు ఉందని వాడికి ముందే తెలిస్తే, అవే కబుర్లు 15 నిమిషాల ఉత్కంఠ. మా అమ్మాయి సినిమాలో బాంబు తలుపే. ఊళ్ళోవాళ్ళకి అది పుట్టినప్పటి నుంచీ తెలుసు. క్లాసులోవాళ్ళకి ముందు చెప్పాలి. తెరిచి ఉన్న తలుపుల షాట్లని తను అంతకుముందు 8 సెకన్లకి కుదించేసింది, బోరు కొడుతుందని. వాటిని 22 సెకన్లు చేసింది. ఒక గుమ్మంలో టీవీ మోత, ఒకదాంట్లో పిల్లాడికి అన్నం తినిపిస్తున్నారు, మూడోదాంట్లో కోడి లోపలికెళ్ళి మళ్ళీ బయటికొస్తుంది. ఆ తర్వాత గొళ్ళెం. ఈసారి క్లాసులో కూడా ఎవరో ఊపిరి బిగబట్టారట.

మనుషుల్ని ఎలా చూపించావన్న ప్రశ్నకి తను రాసింది నాకు చదివి వినిపించింది. "మొదటి స్టోరీబోర్డులో ముసలితనాన్నే భయానికి గుర్తుగా పెట్టాను. నేను చూసిన సినిమాల్లో అలాగే ఉంటుంది. మా నాయనమ్మని చూసి నేనెప్పుడూ భయపడలేదు." కొట్టేసిన పాత పేజీ ఫోటో కూడా పక్కన అతికించింది. అది నేను విమానంలోనే చూశానని దానికి ఇప్పటికీ చెప్పలేదు.

మా అమ్మ మాత్రం ఈ సినిమా మీద అలిగి ఉంది. గొళ్ళెం పెట్టే చెయ్యి ఆవిడదే. రెండోరోజు మళ్ళీ తీయాల్సి వస్తే, కెమెరా ముందుకి కదా అని పెట్టెలోంచి పట్టుచీర తీసి కట్టుకొచ్చింది. ముందురోజు వెనక నుంచి తీసిన షాట్‌లో నేతచీర ఉంది. రెండూ అతకవు. చివరికి అంచు కనబడకుండా వేళ్ళు మాత్రం మిగిలేలా కత్తిరించాల్సి వచ్చింది. మొన్న ఫోన్‌లో మార్కుల గురించి అడుగుతుందనుకున్నాను.

"అంత పట్టుచీర కడితే ఏళ్ళు సూపించిందేటిరా నీ కూతురు? మళ్ళీ వచ్చినపుడు నిండుగా తియ్యమను."