బూమ్ లేచే ముందు నేల చూడాలి

అమెరికాలో కరెంటు లైన్ల మీద పని చేస్తున్నానంటే అందరూ ఎత్తు గురించే అడుగుతారు. నేను మాత్రం నేల గురించే ఎక్కువ ఆలోచిస్తాను. బకెట్ ట్రక్ అంటే బూమ్ అనే పొడవాటి చేయి, దాని చివర మనిషి నిలబడే తొట్టి ఉన్న లారీ. దాన్ని ఎక్కడ ఆపాం, దాని కాళ్లు దేని మీద నిలబడ్డాయి అన్నది తేలాకే పైకి వెళ్లే మాట.

స్తంభాలన్నీ చదునైన చోట ఉండవు. రోడ్డు వార కాలువ గట్టు, వానకు నానిన పచ్చిక, కేబుల్ కోసం తవ్వి పూడ్చిన కందకం, ఇలా ఏదైనా ఎదురుకావచ్చు. వీటిలో నాకు ఎక్కువ భయం పూడ్చిన కందకమే. పైన గడ్డి మొలిచి మిగతా నేలలాగే కనిపిస్తుంది, లోపల మట్టి ఇంకా గుల్లగానే ఉంటుంది. అందుకే ట్రక్ దిగగానే చుట్టూ నడుస్తాం. మడమతో తొక్కి, ఇనుప కడ్డీ గుచ్చి చూస్తాం. మ్యాన్‌హోల్ మూతలు, సెప్టిక్ ట్యాంకులు, కల్వర్టు అంచులు ఎక్కడున్నాయో వెతుకుతాం.

వాలు సంగతి ట్రక్ మీద ఉన్న ప్లేటు చెబుతుంది. మా ట్రక్‌కు 5 డిగ్రీలు హద్దు. అంటే మీటరుకు దాదాపు 9 సెంటీమీటర్ల తేడా. చూపుకు ఆనదు కాబట్టి బుడగ లెవెల్ చూడందే ఎవరూ ఏమీ తేల్చరు. కింద ట్రక్ ఆ 5 డిగ్రీలు ఒరిగిందంటే, 12 మీటర్ల ఎత్తున ఉన్న బకెట్ మీటరుకు పైగా పక్కకు పోతుంది.

పార్కింగ్ బ్రేక్ వేసి, పల్లం వైపు చక్రాలకు చాక్‌లు (దొర్లకుండా ఆపే దిమ్మెలు) పెట్టాకే ఔట్‌రిగ్గర్లు, అంటే ట్రక్‌ను నిలబెట్టే పక్క కాళ్లు, దించుతాం, అవీ పల్లం వైపువి ముందు. వెనక చక్రాలు మాత్రం నేలను వదలకూడదు. బ్రేక్ పట్టి ఉంచేది వాటినే. అవి గాల్లోకి లేస్తే వాలు మీద ట్రక్ ఔట్‌రిగ్గర్ పాదాలతో సహా జారిపోవచ్చు.

ఆ పాదాల కింద వేసే పలకలను, అంటే ప్యాడ్‌లను, తేలిగ్గా తీసుకునేవాళ్లను చూస్తే బాధేస్తుంది. పొడవు, వెడల్పు 20 సెంటీమీటర్లున్న పాదం కింద పొడవు, వెడల్పు 60 సెంటీమీటర్లున్న ప్యాడ్ వేస్తే, అదే బరువు తొమ్మిది రెట్ల నేల మీద పరుచుకుంటుంది. ప్యాడ్ సగం గట్టు బయటికి వేలాడుతుంటే, కింద బోలుగా ఉంటే ఈ లెక్క పనికిరాదు.

తర్వాత ఖాళీ బకెట్‌ను కింది కంట్రోళ్లతోనే లేపి, పని జరగబోయే వైపంతా తిప్పి చూస్తాం. బూమ్ తిరిగే కొద్దీ బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మారుతుంది. ఒకరు ఎడంగా నిలబడి ప్యాడ్‌లనే చూస్తుంటారు: అంచు పక్కన మట్టి ఉబ్బుతోందా, నీరు ఊరుతోందా అని.

పని మొదలుపెట్టే ముందు అందరూ కలిసి ప్రమాదాల గురించి మాట్లాడుకోవాలని ఇక్కడి కార్మిక భద్రతా సంస్థ ఓషా నిబంధన. ఆ నిబంధన విలువ నాలాంటివాళ్లకు బాగా తెలుస్తుంది. కొత్తలో ఇంగ్లిష్ తడబడుతుందని నోరు విప్పాలంటే టెన్షన్‌గా ఉండేది. ఒకసారి గట్టు మీద బకెట్ తిప్పుతుండగా ఒక ప్యాడ్ మూల వేలెడంత కుంగింది. "ఆపండి, కుంగుతోంది" అని అరిచాను. ఫోర్‌మన్ ఎదురు ప్రశ్న వేయలేదు. బూమ్ దించి, వచ్చి వంగి చూసి, "ఇంకెక్కడైనా అనుమానం ఉందా?" అని నన్నే అడిగాడు. ట్రక్‌ను తారు రోడ్డు మీదకు మార్చాం. లేన్ మూసి, కోన్‌లు పెట్టేసరికి మధ్యాహ్నమైంది. సాయంత్రం దాకా సాగిన ఆ పనిలో, బకెట్ పైకి వెళ్లిన ప్రతిసారీ ముందు ప్యాడ్‌లన్నీ మళ్లీ చూశాం.