పోయిన ఫోనుకు కార్తవీర్యార్జునుడు

కావలి ట్రంకు రోడ్డు దగ్గర నాది జెరాక్సు, నెట్ కొట్టు. పోయిన ఫోన్లకు అప్లికేషన్ పెట్టడం ఇప్పుడు నా పనుల్లో ఒకటైపోయింది. ఫోను పోగొట్టుకుని వచ్చిన పెద్దవాళ్లు చాలామంది నేను కంప్యూటర్ ఆన్ చేసేలోపు పెదాలు కదిలిస్తా ఉంటారు. ఏం చదువుతున్నారో అడగక్కర్లేదు.

కార్తవీర్యార్జునో నామ రాజా బాహుసహస్రవాన్
తస్య స్మరణమాత్రేణ గతం నష్టం చ లభ్యతే

వెయ్యి చేతుల కార్తవీర్యార్జునుణ్ణి తలుచుకుంటే చాలు, పోయింది దొరుకుతుందని. మా ఇంట్లో తాళంచెవి కనపడకపోయినా ఇదే, గేదె ఇంటికి రాకపోయినా ఇదే.

నాకు చిన్నప్పట్నుంచీ ఇందులో ఒక తిరకాసు ఉంది. ఈయన నర్మద ఒడ్డున మాహిష్మతిని ఏలిన హైహయ రాజు. దత్తాత్రేయుణ్ణి కొలిచి వెయ్యి చేతులు సంపాదించాడు. అంతా బాగానే ఉంది. కానీ జమదగ్ని ఆశ్రమంలో విందు తిని, పోతా పోతా ఆయన ఆవునే తోలుకుపోయాడు కదా! ఆ పాపానికే పరశురాముడి చేతిలో చచ్చాడు. అలాంటాయన్ని పట్టుకుని మన సొత్తు మనకు ఇప్పించమనడం ఏంది? విష్ణుపురాణం ఒక సమాధానం చెబుతుంది: ఆయన ఏలుబడిలో ఎవరి సొమ్మూ పోయేది కాదట. మా జేజి మాత్రం "దొంగ దారి దొంగకే తెలుసు లేరా" అనేది. నాకు జేజి చెప్పిందే నచ్చింది.

అయినా జేజి శ్లోకం చదివి ఊరుకునే మనిషి కాదు. ఒకసారి మా అత్త కమ్మ మర ఊడి ఎక్కడో పడింది. తలా ఒక మూల వెతకబోతే జేజి ఎవర్నీ అడుగు కదపనివ్వలేదు. కొంగు చివర ముడేసుకుని, శ్లోకం అనుకుంటా, గోడ వారగా మొదలుపెట్టి గడప దాకా మెల్లగా ఊడ్చింది. ఆ దుమ్మంతా చాటలోకి ఎత్తి, వాకిట్లో కూర్చుని చెరిగింది. వెంట్రుకలు, పొట్టు ఎగిరిపోయాయి. చాట వెనక మూలన నాలుగు బియ్యపు గింజలు, ఒక చొక్కా గుండీ, వాటి మధ్య మర. బంగారం కదా, బరువుకి అక్కడే నిలిచింది.

శ్లోకమా, చాటా అంటే నేను చాటకే ఓటేస్తాను. కాకపోతే శ్లోకం చదివినంతసేపూ మనిషి ఒకచోట నిలబడతాడు, గాభరా కాస్త సర్దుకుంటుంది. లంకంతా గాలించి దిగులుపడిన హనుమంతుడు కూడా రామలక్ష్మణులకు, సీతమ్మకు, దేవతలకు పేరుపేరునా దండం పెట్టుకున్నాకే అశోకవనంలోకి దిగాడు.

ఫోను చెరిగితే దొరికేది కాదు. దాని మంత్రం 15 అంకెల ఐఎంఈఐ నంబరు, అంటే ఫోనుకు ఉండే గుర్తింపు నంబరు. పోయాక అడిగితే ఎవరికీ తెలీదు. బిల్లు మీదో, అట్టపెట్టె మీదో ఉంటుంది. రెండు సిమ్ములదైతే రెండు నంబర్లు. ఫోను చేతిలో ఉన్నప్పుడే *#06# కొట్టి ఒక కాగితం మీద రాసుకోండి. పోయిన ఫోనును పనిచేయకుండా బ్లాకు చేయించే సౌకర్యం కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైటులో 2023 మేలో దేశమంతటికీ వచ్చింది. స్టేషన్లో ఇచ్చిన కంప్లయింటు కాపీ, ఓటీపీ రావడానికి అదే నంబరుతో డూప్లికేట్ సిమ్ తెస్తే నేను బ్లాకుకి పెట్టేస్తాను. ఆ తర్వాత ఎవరు ఏ సిమ్ము వేసినా నెట్‌వర్క్ రాదు, వేసిన కబురు పోలీసులకు చేరుతుంది.

"ఎప్పటికి దొరుకుద్ది నాయనా?" అని అడిగింది ఒక పెద్దమ్మ. చెప్పలేం మా అన్నాను. నెల్లూరు రొట్టెల పండక్కి పోయి రొట్టె పట్టనా అంది. అక్కడ ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె ఉన్నాయిగానీ ఫోను రొట్టె సంగతి నేనింకా వినలేదు.

ఫోను దొరికినవాళ్లు స్టేషన్ నుంచి నేరుగా ఇంటికి పోయి, సిమ్ము వేసి, సిగ్నల్ రావడం లేదని మళ్లీ నా కొట్టుకే వస్తారు. దొరికిందని అదే సైటులో రాసి అన్‌బ్లాక్ పెట్టుకోవాలి. దానికి మొదట ఇచ్చిన రిక్వెస్ట్ ఐడీ కావాలి. ప్రింటు తీసి ఇచ్చాను కదా, ఆ చీటీ ఏదండీ అంటే, అదెక్కడో పోయింది అంటారు.