మెడ పట్టేసింది, తప్పు ఆ మిద్దెదే

మెడ పట్టేసింది. పావుగంట సేపు నోరు తెరుచుకుని పైకప్పే చూస్తూ నిలబడ్డా మరి.

తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో ఫ్రెండు వాళ్ల తాతల నాటి ఇల్లు. కాఫీకి పిలిస్తే వెళ్లా. నడవలో ఒకచోట పైకప్పు గచ్చు పెళ్ళగా ఊడిపోయి లోపలి ఇటుకలు బయటపడ్డాయి. పలుచటి చిన్న ఇటుకలు, మన ఇప్పటి వాటిలో సగం మందం కూడా లేవు, టేకు దంతెల (అడ్డంగా వేసే సన్న దూలాల) మీద వాటిని అంచు మీద నిలబెట్టి, గదికి ఏటవాలుగా, వరసకు వరస సున్నంతో అతికించుకుంటూ పోయారు. ఇనుప కమ్మీ అన్నదే లేదు! మద్రాసు టెర్రస్ అంటే ఇదేనని నేను గొప్పగా చెప్పబోతే, "మేం మిద్దె అంటాం నాయనా" అనేసింది వాళ్ల అవ్వ.

సున్నంలో కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోసి గానుగ పట్టేవాళ్లట.

చంద్రగిరి కోట గుర్తొచ్చింది. రాజమహల్ మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు, కట్టె వాడలేదు అని స్కూల్ టూర్‌లో సారు చెప్తుంటే మా ధ్యాసంతా పులిహోర పొట్లాల మీదే. ఇప్పుడు మళ్లీ వెళ్లాలనుంది, కమాన్లు చూడ్డానికి.

వానొస్తే ఆ మూల కారుతుందట, బకెట్ పెడతారట. "పీకేసి స్లాబ్ వేయించేద్దామా?" అని అడిగాడు ఫ్రెండు.

మా స్లాబ్ ఆరేళ్లకే కారుతోందని చెప్పా. అవ్వ నవ్వుతూ ఇంకో కాఫీ ఇచ్చింది.