దోసె తుంచకముందే అడగండి

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో పెరిగే తెలుగు పిల్లలకు మూడేళ్ళు నిండేలోపే కాదనడానికి మూడు మాటలు వచ్చేస్తాయి. ఇంట్లో 'వద్దు', ఆయాతో 'బేడ', ప్లేస్కూల్లో 'నో'. పంతం ముదిరితే మూడూ ఒకే గుక్కలో వినబడతాయి. వాటి వెంటే నాలుగోది, 'నేనే!' అసలు కిటుకంతా ఈ నాలుగో మాటలో ఉంది. పని తనకిష్టమే, మన చెయ్యి పడితేనే గొడవ.

దోసె సంగతే చూడండి. వేడిగా ఉందని మనం తుంచి పెడతాం. పిల్ల ఆ ముక్కల్ని చూసి వెక్కివెక్కి ఏడుస్తూ 'అతికించు' అంటుంది. అంచులు దగ్గరికి జరిపి 'ఇదిగో, అతికింది' అంటే ఏడుపు ఇంకా పెరుగుతుంది, గీత కనబడుతూనే ఉంటుంది మరి! ఇంకో దోసె పోసిచ్చినా ఒక్కోసారి ఒప్పుకోదు, కావలసింది ఆ దోసే. నవ్వొచ్చినా ఆపుకోవాలి. తన దుఃఖం తనకు నిజమే.

అందుకే గరిటెడు పిండితో ఒక పెద్ద దోసె కాకుండా అరచేయంత చిన్నవి మూడు పోయండి. పళ్ళెంలో పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకుని, 'నువ్వు తుంచుతావా, నన్ను తుంచమంటావా?' అని అడగండి. రెండే దారులు, రెండూ మనకు సమ్మతమైనవే ఉండాలి. 'దోసె తింటావా?' అని అడిగారో, 'బేడ' వచ్చి తీరుతుంది. చట్నీ వేరే గిన్నెలో ఒక్క చెంచా. మంచినీళ్ళు 100 మిల్లీలీటర్ల చిన్న గ్లాసులో సగం. ఒలికినా ఒక్క గుడ్డతో తుడిచేయొచ్చు.

జనవరి పొద్దుల్లో 15, 16 డిగ్రీల చలి, కింద స్కూల్ వ్యాను, పైన స్వెటర్‌తో కుస్తీ. ముందు తెరుచుకునే స్వెటరైతే పిల్లే వేసుకోగలదు. లోపలివైపు పైకి వచ్చేలా నేల మీద పరచండి, మెడ భాగం పిల్ల కాళ్ళ దగ్గర ఉండాలి. వంగి రెండు చేతులూ స్వెటర్ చేతుల్లో దూర్చి, తల మీదుగా వెనక్కి వేసుకుంటే ఒంటికి సరిగ్గా వచ్చేస్తుంది. మెడ అటువైపు పెడితే తలకిందులవుతుంది, అక్కడే చాలామంది పొరబడతారు. జిప్ అడుగున మనం తగిలించి వదిలేస్తే పైకి లాగే గౌరవం తనది. బూట్లకు వెల్‌క్రో మేలు. ఒక స్టిక్కర్‌ని నిలువునా కోసి చెరో సగం లోపల అతికిస్తే, బొమ్మ కలిసినప్పుడు కుడి ఎడమలు కుదిరినట్టే. వీటన్నిటికీ పావుగంట అదనంగా పెట్టుకోండి. హడావిడిలో ఏ కిటుకూ పనిచేయదు.

ఇక లిఫ్ట్. పక్కింటి అంకుల్ ముందే బటన్ నొక్కేస్తే ప్రళయమే. 'నువ్వు నొక్కాలనుకున్నావు, అంకుల్ నొక్కేశారు, కోపమొచ్చింది' అని ఒక్కసారి చెప్పి పక్కనే నిలబడండి. ఆ క్షణంలో నీతిబోధ చెవికెక్కదు. ఏడుపు దిగాక తిరిగొచ్చేటప్పటి బటన్ తనదేనని చెప్పి, అప్పుడు మరిచిపోకుండా నొక్కనివ్వండి.

ఆటోలో అంచున కూర్చుంటానంటే మాత్రం బేరం లేదు. పెద్దవాళ్ళ మధ్యలోనే కూర్చోవాలి. అమ్మ చెయ్యి పట్టుకోవాలా, నాన్న చెయ్యా అన్నది తన ఇష్టం.